మునగని తెప్ప నుండి మునిగే పడవకు: జువ్వలదిన్నె తీరంలో చిన్న పడవల వేట, భద్రతా సూత్రాలు

సారాంశం

నెల్లూరు తీరంలో తెప్ప స్థానాన్ని ఇంజను అమర్చిన తేలికపాటి పడవ ఆక్రమించింది. తెప్ప నీటితో నిండి మునిగే వస్తువు కాదు. ఫైబరు పడవ గానీ, అల్యూమినియం పడవ గానీ నీరు నిండితే మునుగుతుంది. తెప్పలో కలప స్వభావం వల్లనే లభించిన రక్షణను పడవలో మనుషులే ఏర్పాటు చేసుకోవలసి ఉంటుంది. ఆ ఏర్పాటు మూడు చోట్ల జరగాలి: పడవ నిర్మాణంలో, మోసే బరువులో, ఒడ్డున తీసుకొనే నిర్ణయంలో. జువ్వలదిన్నె పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ మూడింటిని సులభమైన లెక్కలతో వివరించడం, విస్తరణ కార్యకర్తలు అనుసరించదగిన పద్ధతిని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్య పదాలు: చిన్న పడవలు, అల్యూమినియం పడవ, తేలే గుణం, పొడి అంచు, సముద్ర స్థితి సూచన, జువ్వలదిన్నె

1. ఉపోద్ఘాతం

సస్యశాస్త్ర అధ్యాపకుడు సముద్రపు వేట గురించి వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని తీర మండలాలలో పనిచేసిన విస్తరణ శాస్త్రవేత్తకు ఇందులో వింత ఏమీ కనిపించదు. ఇసుక నేలల్లో వేరుశనగ, సరుగుడు గురించి మాట్లాడటానికి వెళ్ళిన మనల్ని, అదే సభలో కూర్చున్న మత్స్యకారులు రేపటి గాలి ఎలా ఉంటుందని అడుగుతారు. రైతుకు మనం ఇచ్చే వాతావరణ సలహాకు, మత్స్యకారునికి కావలసిన సలహాకు మూలం ఒకటే. తేడా ఫలితంలో ఉంది. అదును తప్పి విత్తిన రైతు విత్తనం నష్టపోతాడు, వీలైతే మళ్ళీ విత్తుతాడు. అదును తప్పి సముద్రంలోకి వెళ్ళిన వానికి రెండో అవకాశం దొరకకపోవచ్చు.

ప్రపంచంలో అత్యంత ప్రమాదకరమైన వృత్తులలో చేపల వేట ఒకటి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999లో ఏటా సుమారు 24 వేల మరణాలు సంభవిస్తున్నాయని అంచనా వేసింది. 2022లో వెలువడిన మరొక అధ్యయనం ఆ సంఖ్య లక్షకు పైగా ఉంటుందని తేల్చింది. చిన్న పడవల ప్రమాదాలు చాలావరకు లెక్కలకు ఎక్కవు. కాబట్టి ఈ విషయంలో గ్రామస్థాయిలో చేసే బోధనకు ఎంతో విలువ ఉంది.

2. తీరం, ఋతువులు

జువ్వలదిన్నె శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో, కావలి పట్టణానికి దగ్గరగా ఉన్న తీర గ్రామం. రాష్ట్రంలో తొలి దశలో చేపట్టిన నాలుగు చేపల రేవులలో జువ్వలదిన్నె ఒకటి. మిగిలినవి ఉప్పాడ, మచిలీపట్నం, నిజాంపట్నం. జువ్వలదిన్నె రేవును 2024 ఆగస్టు 30న ప్రధానమంత్రి మహారాష్ట్రలోని పాల్ఘర్ నుండి దృశ్య మాధ్యమం ద్వారా ప్రారంభించారు. రేవు ఉన్నచోట పడవకు అలల నుండి రక్షణ లభిస్తుంది. అయితే నెల్లూరు తీరం ప్రధానంగా తెరచి ఉన్న ఇసుక తీరం. రేవు అందుబాటులో లేని చోట పడవ నేరుగా అలలను చీల్చుకొని పోవాలి, అలలపైనే తిరిగి ఒడ్డు చేరాలి.

ఈ తీరంలో పనిచేసే వారు మూడు సహజ నియమాలను గుర్తుంచుకోవాలి. మొదటిది దినచర్య. రాత్రి చివరి జామున నేల నుండి సముద్రం వైపు గాలి వీస్తుంది; ఎండ ఎక్కిన తరువాత సముద్రం నుండి నేలకు గాలి తిరుగుతుంది. తెల్లవారకముందే బయలుదేరే అలవాటుకు మూలం ఇదే. మధ్యాహ్నపు సముద్రపు గాలి పొట్టి పొట్టి అలలను లేపుతుంది. బరువుతో తిరిగి వచ్చే పడవకు ఎదురయ్యేది ఆ సమయమే.

రెండవది ప్రవాహం. తూర్పు తీరం వెంబడి సముద్ర ప్రవాహం ఏడాది పొడుగునా ఒకే దిక్కుకు పోదు. వేసవి ఆరంభంలో ఉత్తర దిశగా, ఈశాన్య ఋతుపవన కాలంలో దక్షిణ దిశగా సాగుతుంది. ఇంజను ఆగిన పడవను మార్చిలో ఉత్తరాన వెదకాలి, నవంబరులో కృష్ణపట్నం వైపు దక్షిణాన వెదకాలి.

మూడవది తుఫాను కాలం. బంగాళాఖాతంలో ఋతుపవనాలకు ముందు మే నెలలోనూ, తరువాత అక్టోబరు నుండి డిసెంబరు వరకూ తుఫానులు ఎక్కువ. 1989 నవంబరు 4న థాయిలాండును దాటిన ‘గే’ తుఫాను బంగాళాఖాతంలో మళ్ళీ బలపడి, నవంబరు 8, 9 తేదీల నడుమ కావలి సమీపంలోనే తీరాన్ని తాకింది. అంతటి తుఫానుకు నేడు కొన్ని రోజుల ముందే హెచ్చరిక వస్తుంది. కాని మామూలు దినాన, మామూలు గాలిలో, బరువెక్కిన పడవలోకి ఒక అల ఎక్కడానికి ఏ హెచ్చరికా రాదు. ఈ వ్యాసంలో చర్చించేది ముఖ్యంగా ఆ మామూలు దినం గురించే.

3. తెప్పలో ఉన్నది, పడవలో లేనిది

తేలికపాటి దుంగలను తాళ్ళతో కట్టి చేసేది తెప్ప. దానికి గోడలు లేవు, లోపల ఖాళీ లేదు. అల మీద పడితే నీరు దుంగల సందుల నుండి జారిపోతుంది. తిరగబడినా తేలుతూనే ఉంటుంది. మనుషులు దానిని పట్టుకొని ఉండగలరు. దాని తేలే గుణం కలపలోనే ఉంది. తెప్పకు ఎన్నో పరిమితులు ఉన్నాయి. దూరం పోలేదు, ఎక్కువ చేపను మోయలేదు, దాని మీద మనిషి ఎప్పుడూ తడిసే ఉంటాడు. కాని మునగడం అనే ప్రమాదం దానికి లేదు.

పడవ తేలే తీరు వేరు. లోపలి ఖాళీలో గాలి ఉన్నంత వరకే అది తేలుతుంది. సముద్రపు నీటి సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 1.025 గ్రాములు. గాజునార కలిపిన ఫైబరు సాంద్రత 1.5 ప్రాంతంలో, అల్యూమినియం సాంద్రత 2.7గా ఉంటాయి. రెండూ నీటికంటే బరువైనవే. ఖాళీలో గాలికి బదులు నీరు చేరిన వెంటనే పదార్థపు సహజ గుణం బయటపడుతుంది.

1979లో మద్రాసు కేంద్రంగా, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో మొదలైన బంగాళాఖాత కార్యక్రమం, ఒడ్డుకు లాగదగిన చిన్న పడవల నమూనాలపై ఎంతో కృషి చేసింది. నేడు మన తీరంలో ఇంజను అమర్చిన ఫైబరు పడవలు విరివిగా కనిపిస్తాయి. ఇతర దేశాల తీరాలలో, ముఖ్యంగా ఆస్ట్రేలియాలో, ఇదే పనికి చిన్న అల్యూమినియం పడవ సామాన్యంగా వాడుకలో ఉంది. తేలిక, దెబ్బకు పగలకుండా సొట్ట పడే గుణం, తిరిగి కరిగించి వాడుకొనే వీలు దాని మేలైన లక్షణాలు. అందువల్ల ఫైబరుకు బదులు అల్యూమినియం మేలా అని విద్యార్థులు తరచు అడుగుతారు. భద్రత దృష్టితో చూస్తే ఆ ప్రశ్నకంటే ముందు మరొక ప్రశ్న వేయాలి: ఈ పడవ నీటితో నిండితే ఏమవుతుంది?

4. తేలే గుణాన్ని తిరిగి చేర్చడం

పై ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది. 200 కిలోల అల్యూమినియం పడవను ఉదాహరణగా తీసుకొందాం. దాని లోహపు పరిమాణం 200ను 2.7తో భాగిస్తే సుమారు 74 లీటర్లు. అంత పరిమాణం గల సముద్రపు నీటి బరువు 76 కిలోలు. కాబట్టి నీట మునిగిన పడవ కిందికి లాగే బరువు 200 నుండి 76 తీసివేయగా 124 కిలోలు. దీనికి 40 కిలోల ఇంజను బరువును పూర్తిగా కలపాలి. నీటిలో ఉన్న నలుగురు మనుషుల తలలు పైన నిలవడానికి ఒక్కొక్కరికి 6 కిలోల చొప్పున 24 కిలోలు కలపాలి. మొత్తం 188 కిలోలు. అదనపు రక్షణగా నాలుగో వంతు చేర్చితే 235 కిలోలు.

నీరు పీల్చని ఫోమ్ ఒక లీటరు ఇంచుమించు ఒక కిలో బరువును తేల్చగలదు. అంటే ఈ పడవకు సుమారు 235 లీటర్ల ఫోమ్ అవసరం. సుమారు పన్నెండు 20 లీటర్ల క్యానుల పరిమాణమన్నమాట. ఇది అసాధ్యమైన పరిమాణం కాదు. పీటల కింద, ముందు భాగపు గదిలో, పక్క గోడల వెంట సర్దవచ్చు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. ఫోమ్‌ను పడవ అడుగున మాత్రమే నింపితే, నీరు నిండినప్పుడు పడవ తిరగబడి అడుగు పైకి వస్తుంది. కొంత భాగం పక్క గోడల పైభాగాన ఉండాలి. రెండవది, ఇంజను బరువు వెనుక ఉన్నందున వెనుక భాగంలో తగిన ఫోమ్ లేకపోతే పడవ నిలువుగా వేలాడుతుంది. మూడవది, ఫోమ్ నీరు పీల్చని రకమై ఉండాలి. నీరు పీల్చిన ఫోమ్ ఏళ్ళ తరబడి కనబడకుండా పడవ బరువును పెంచుతుంది, లోహాన్ని తడిగా ఉంచి తినివేతకు దారి తీస్తుంది. ఫోమ్ లేని పడవలో గట్టిగా మూత బిగించి, కదలకుండా కట్టిన ఖాళీ క్యానులు తాత్కాలిక ప్రత్యామ్నాయం.

పడవ తేలుతూ ఉంటే మనిషి దానిని వదిలి ఈదరాదు. నీటిపై ఒక తల కంటే ఒక పడవ వెదికేవారికి ఎంతో సులువుగా కనిపిస్తుంది.

5. బరువు, పొడి అంచు, పడవలోని నీరు

నీటి మట్టం నుండి పడవ అంచు అత్యల్పంగా ఉన్న చోటు వరకు గల ఎత్తును ఈ వ్యాసంలో ‘పొడి అంచు’ అందాం. చిన్న పడవ ప్రాణం ఈ అంచులో ఉంది. నీటి మట్టం వద్ద 7 మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు గల పడవ ఆక్రమించే వైశాల్యం, మొనల వంపును తీసివేస్తే, సుమారు 8.4 చదరపు మీటర్లు. అది ఒక సెంటీమీటరు దిగడానికి సుమారు 86 కిలోల బరువు చాలు. 500 కిలోల చేప వేస్తే 6 సెంటీమీటర్లు, దానికి తోడు తడిసిన వల, మంచు పెట్టె చేరితే మరికొన్ని సెంటీమీటర్లు దిగుతుంది. ఉదయం 40 సెంటీమీటర్లు ఉన్న అంచు తిరుగు ప్రయాణంలో 30 సెంటీమీటర్లకు తగ్గవచ్చు. అదే సమయంలో సముద్రపు గాలి లేస్తుంది. పడవ బలహీనమయ్యేదీ సముద్రం బలపడేదీ ఒకే గడియలో.

కాబట్టి పడవకు బయటి వైపున, దాటరాని మట్టాన్ని ఎర్రరంగు గీతతో గుర్తించాలి. గీత నీటిని తాకిన తరువాత ఎంత మంచి చేప పడినా తీసుకోరాదు. ఈ నియమం చెప్పడం సులువు, పాటించడం కష్టం. ఒక్క పూట దొరికిన మంచి వేట వారం రోజుల నష్టాన్ని పూడ్చే వృత్తి ఇది. అందువల్లనే ఆ నిర్ణయాన్ని చేప కళ్ళ ముందు ఉన్నప్పుడు కాక, ఒడ్డున ఉండగానే గీత రూపంలో తీసుకోవాలి.

పడవలో చేరిన నీరు మరొక రకమైన బరువు. 4 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు గల అడుగు మీద 5 సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది 300 లీటర్లు, అంటే 300 కిలోలకు పైగా. ఈ బరువు ఒక చోట ఉండదు. పడవ ఎటు వాలితే అటే పరుగెత్తి ఆ వాలును పెంచుతుంది. నలుగురైదుగురు మనుషులు ఒక్కసారిగా ఒకే పక్కకు దూకడంతో ఇది సమానం. అందుకే పాదం తడిసే నీటిని కూడా వెంటనే తోడివేయాలి. తోడే డబ్బా రెండు ఉండాలి, వాటిని తాడుతో పడవకు కట్టి ఉంచాలి. వల లాగేటప్పుడు అందరూ ఒకే పక్క నిలవరాదు. వల అడుగున చిక్కుకొంటే ఇంజను బలంతో పక్కకు లాగరాదు; మొన వైపు నుండి లాగాలి, వీలుకాకపోతే కోసివేయాలి. కోసే కత్తి చేతికి అందే చోట ఉండాలి.

లంగరు విషయంలోనూ ఇదే సూత్రం. లంగరు తాడును ఎప్పుడూ మొనకే కట్టాలి. వెనుక భాగానికి కడితే ఇంజను బరువుతో ఇప్పటికే కిందికి ఉన్న అంచును అల సులువుగా దాటుతుంది. తాడు పొడవు నీటి లోతుకు కనీసం ఐదు నుండి ఏడు రెట్లు ఉంటేనే లంగరు నేలను పట్టుకొంటుంది.

6. అలలు విరిగే పట్టీ

తెరచి ఉన్న తీరంలో చిన్న పడవకు మొదటి, చివరి కొన్ని వందల మీటర్లు అత్యంత కీలకమైనవి. అల ఎత్తుకు సుమారు 1.3 రెట్ల లోతు వద్ద అల విరుగుతుంది. మీటరు ఎత్తు అల 1.3 మీటర్ల లోతులో, మీటరున్నర అల సుమారు 2 మీటర్ల లోతులో విరుగుతాయి. అల పెరిగిన కొద్దీ విరిగే పట్టీ సముద్రం వైపు జరిగి వెడల్పవుతుంది.

అలలు గుంపులుగా వస్తాయి. పెద్ద అలల గుంపు తరువాత కొంత విరామం ఉంటుంది. బయలుదేరే ముందు ఒడ్డున పది, పదిహేను నిమిషాలు నిలిచి ఈ గుంపులను లెక్కించడం పెద్దల అలవాటు. కొత్తగా వృత్తిలోకి వచ్చిన వారికి దీనిని ఒక నియమంగా బోధించాలి. బయటికి పోయేటప్పుడు మొనను అలకు ఎదురుగా నిలిపి, అల మీదికి ఎక్కేంత బలమే ఇవ్వాలి. వేగం ఎక్కువైతే తేలికైన పడవ అల శిఖరం నుండి గాలిలోకి లేచి అడుగు కొట్టుకొంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు ప్రమాదం ఎక్కువ. అల వెనుక నుండి తరుముతుంది. పడవ అలకంటే ముందుకు జారితే మొన నీటిలో గుచ్చుకొని, వెనుక భాగం పక్కకు తిరిగి, పడవ అలకు అడ్డంగా పడుతుంది. ఆ స్థితిలో తరువాతి అల దానిని బోర్లిస్తుంది. కాబట్టి ఒక అల వీపు మీద, దాని శిఖరానికి వెనుకగా, అదే వేగంతో ఒడ్డు చేరాలి. పట్టీ దాటే ముందే చేపను, వలను నడుమ భాగంలో సర్ది కట్టాలి. ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్ ధరించాలి. నది లేదా కాలువ మొగ వద్ద, పాటు నీరు బయటికి పోతూ ఎదురుగా వచ్చే అలను ఢీకొన్నప్పుడు అలలు నిటారుగా లేస్తాయి. అక్కడ పోటు వచ్చే వరకు వేచి ఉండటం మేలు.

7. అల్యూమినియం పడవ ప్రత్యేకతలు

పై సూత్రాలన్నీ ఏ చిన్న పడవకైనా వర్తిస్తాయి. అల్యూమినియం పడవ కొనదలచిన వారికి, లేదా సలహా ఇచ్చే వారికి మరికొన్ని విషయాలు తెలియాలి.

మొదటిది లోహపు రకం. ఉప్పునీటికి మెగ్నీషియం కలిసిన 5052, 5083 వంటి సముద్రపు రకాలే తగినవి. ఇంటి సామానుకు వాడే రేకు పనికిరాదు. రెండవది, వేర్వేరు లోహాల కలయిక. ఉప్పునీటిలో అల్యూమినియానికి రాగి, ఇత్తడి, ఉక్కు తగిలితే అల్యూమినియమే తినివేయబడుతుంది. ఇత్తడి మరను నేరుగా బిగించరాదు. మధ్య ప్లాస్టిక్ లేదా రబ్బరు పెట్టాలి. అడుగున మరచిన రాగి తీగ ముక్క, నాణెం కూడా కాలక్రమంలో రంధ్రం చేయగలవు. రాగి కలిసిన రంగులు వాడరాదు. తమకు తాము కరిగి పడవను కాపాడే జింకు దిమ్మలను అమర్చి, సగం అరిగిన వెంటనే మార్చాలి.

మూడవది అలసట. పదే పదే అలల దెబ్బ తిన్న అల్యూమినియంలో, ముఖ్యంగా అతుకుల పక్కన, వెంట్రుక వంటి పగుళ్ళు పుడతాయి. అతుకు వేడికి ఆ పక్కనున్న లోహం కొంత బలం కోల్పోతుంది. నెలకొకసారి పడవను తలక్రిందులు చేసి, కడిగి, అతుకుల వెంట చూడాలి. లోపల నీరు పోసి బయట తడి కనిపిస్తుందేమో చూడటం సులువైన పరీక్ష.

నాలుగవది తేలిక. తేలికైన పడవను గాలి సులువుగా నెడుతుంది. లోపలి మనిషి లేచి నిలబడితే ఎక్కువగా ఊగుతుంది. ఐదవది పిడుగు. తెరచిన సముద్రంలో చిన్న పడవలోని మనిషే అన్నింటికంటే ఎత్తైన వస్తువు. పడవ ఏ పదార్థంతో చేసినదైనా, ఉరుము వినిపించక ముందే, మేఘం నల్లబడుతుండగానే తిరుగు ముఖం పట్టాలి.

8. సూచనను చదవడం, బయలుదేరే నిర్ణయం

హైదరాబాదులో 1999లో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సమాచారంతో పాటు సముద్ర స్థితి సూచనలను కూడా ఇస్తుంది. 2020లో ఇది చిన్న పడవల కోసం ప్రత్యేక సలహా విధానాన్ని ప్రారంభించింది. 7 మీటర్ల వరకు వెడల్పు గల పడవలకు, వాటి వెడల్పును బట్టి, ఎక్కడ బోల్తా పడే అవకాశం ఉందో పది రోజుల ముందు వరకు అది సూచిస్తుంది. అల ఎత్తు ఒక్కటే కాక అల నిటారుదనం, దిక్కుల చెదురు, గాలి త్వరగా పెరిగే తీరు దాని లెక్కలో చేరాయి.

ఈ సూచనలను గ్రామంలో వివరించేటప్పుడు మూడు విషయాలు తప్పక చెప్పాలి. ఒకటి, సూచనలో చెప్పే అల ఎత్తు అలలలో పెద్దవైన మూడో వంతు యొక్క సగటు. కొన్ని గంటలలో వచ్చే అతి పెద్ద అల దానికి దాదాపు రెట్టింపు ఉండవచ్చు. 1.5 మీటర్లు అన్నారంటే 3 మీటర్ల దగ్గరి అల ఒకటి రావచ్చునని అర్థం. రెండు, ఎత్తు ఒకటే అయినా అలల మధ్య వ్యవధి ముఖ్యం. లోతు నీటిలో 12 సెకన్ల వ్యవధి గల అల పొడవు సుమారు 225 మీటర్లు; 5 సెకన్ల అల పొడవు 39 మీటర్లే. మొదటిది పడవను మెల్లగా ఎత్తి దింపుతుంది. రెండవది గోడలా నిలిచి లోపలికి దూకుతుంది. మూడు, గాలి వేగం రెట్టింపైతే దాని నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిని ఓర్చుకొన్న పడవ 40 కిలోమీటర్ల గాలిని కూడా ఓర్చుకొంటుందని భావించరాదు.

వాతావరణ శాఖ వేటకు వెళ్ళరాదని హెచ్చరించిన దినం నిర్ణయం స్పష్టం. హెచ్చరిక లేని దినానికి గ్రామమే తన కొలతలను ఏర్పరచుకోవాలి: ఇంత గాలికి, ఇంత అలకు, ఇంత వెడల్పు పడవ కదలదు అని. ఇంధనాన్ని మూడు భాగాలుగా లెక్కించాలి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆపదకు ఒకటి. గంటకు 4 లీటర్లు ఖర్చు చేసే ఇంజనుతో 2 గంటల దూరం పోవాలంటే 24 లీటర్లు ఉండాలి. పోయే దిక్కు, తిరిగి వచ్చే గడియ, మనుషుల సంఖ్య ఒడ్డున ఒకరికి చెప్పి వెళ్ళాలి. ఆ గడియ దాటితే ఎవరు ఎవరికి తెలపాలో కూడా ముందే నిర్ణయమై ఉండాలి.

9. ఇంజను ఆగినప్పుడు

ఒకసారి తీరప్రాంత నేలల పరిశీలన ముగిసిన తరువాత విద్యార్థులతో కలిసి ఒక చిన్న పడవలో సముద్రంలోకి వెళ్ళాము. తిరిగి వచ్చేటప్పుడు ఇంజను ఆగింది. మధ్యాహ్నపు గాలి లేచింది. పడవ అలలకు అడ్డంగా తిరిగి, ఒక్కొక్క అలకు కొద్దికొద్దిగా నీరు లోపలికి చేరసాగింది. మాలో ఎవరమూ లైఫ్ జాకెట్ వేసుకోలేదు. అవి ఒడ్డున, శిక్షణ సామగ్రి పెట్టెలో ఉన్నాయి. భద్రత గురించి బోధించడానికి తెచ్చినవే అవి. పడవలోని పెద్దాయన వల కట్టను తాడుతో మొనకు కట్టి నీటిలోకి విడిచారు. వల నీటిని పట్టుకొంది, మొన గాలికి ఎదురు తిరిగింది, నీరు ఎక్కడం ఆగింది. అరగంట తరువాత మరొక పడవ మమ్మల్ని లాగుకొని వచ్చింది. ఆ అరగంటలో నేర్చుకొన్నది నా తరగతి గదిలో ఎన్నడూ చెప్పలేదు.

మొనను గాలికి ఎదురుగా నిలిపే ఈ ఉపాయం ప్రతి పడవలోని వారికీ తెలిసి ఉండాలి. వల లేకపోతే బక్కెట్టు, గుడ్డ సంచి ఏదైనా పనికి వస్తుంది. దీనితో పడవ కొట్టుకుపోయే వేగం కూడా తగ్గుతుంది. సెకనుకు అర మీటరు ప్రవాహంలో పడవ 12 గంటలలో సుమారు 22 కిలోమీటర్లు పోతుంది. అందువల్ల సమాచారం తొందరగా అందించడం అవసరం. తీర రక్షక దళం ఉచిత సంఖ్య 1554. ఫోనును నీరు చొరని సంచిలో ఉంచాలి. ఫోను అందని దూరానికి పోయేవారికి వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్, ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరం మార్గాలు. తెడ్లు, అదనపు స్పార్క్ ప్లగ్గు, టార్చి, ఈల, తాగునీరు పడవలో ఎప్పుడూ ఉండాలి. ఇంజను నడిపేవారు నీటిలో పడితే దానంతట అదే ఇంజను ఆగేలా చేసే తాడును మణికట్టుకు తగిలించుకోవాలి.

10. విస్తరణలో మనం చేస్తున్న పొరపాటు

లైఫ్ జాకెట్లు పంచిన గ్రామాలలో కొన్నిచోట్ల అవి ఇంటి గోడలకు వేలాడుతూ కనిపిస్తాయి. కారణం అడిగితే వేడి, వల లాగేటప్పుడు అడ్డు, గుండీలు వలలో చిక్కుకోవడం అని చెబుతారు. దీనిని నిర్లక్ష్యమని వ్రాసుకొని రావడం సులువు. కాని రైతు ఒక రకాన్ని వద్దన్నప్పుడు ఆ రకంలో లోపం ఉందేమో అని మనం వెదుకుతాము. ఇక్కడా అదే పద్ధతి కావాలి. పనికి అడ్డు రాని సన్నని రకాన్ని ఎంపిక చేసి, ముందు ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులకు ఇచ్చి, వారి అభిప్రాయం తీసుకొన్న తరువాతే పంచాలి. రోజంతా ధరించడం సాధ్యం కానిచోట, అలల పట్టీ దాటేటప్పుడు, రాత్రి వేళ, ఒంటరిగా ఉన్నప్పుడు తప్పనిసరి అన్న కనీస నియమంతో మొదలుపెట్టాలి.

మరొక విషయం ఆర్థికమైనది. ఖర్చులు పోగా మిగిలినది పడవ యజమానికి, పనివారికి వాటాలుగా పంచబడుతుంది. వేటకు పోని దినం వాటా లేదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల నిషేధం ముగిసిన తరువాత, అప్పులతో ఉన్న కుటుంబానికి ప్రతి దినం విలువైనదే. పక్క పడవ పోయిందని తెలిస్తే తాను ఆగడం ఒక మనిషికి కష్టం. కాబట్టి మనం ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే సలహా బలహీనమైనది. మత్స్యకార గ్రామాలలో పెద్దల కట్టుబాటుకు ఎంతో గౌరవం ఉంది. ఏ కొలత దాటితే ఏ పడవా కదలరాదో ఆ పెద్దలే నిర్ణయించి, ఒడ్డున జెండాతో తెలిపితే, ఆగిన వాడు ఒంటరిగా నష్టపోయాననుకోడు. మన పని ఆ కొలతకు కావలసిన లెక్కను, సూచనను వారికి అందించడం.

11. ముగింపు

తెప్ప మీద పోయిన తరం సముద్రాన్ని తక్కువగా ఎరిగినవారు కారు, ఎక్కువ ధైర్యవంతులూ కారు. వారి కింద ఉన్న కలప వారి పొరపాట్లను కొంతవరకు క్షమించేది. ఫైబరు, అల్యూమినియం పడవలు ఎక్కువ దూరం, ఎక్కువ చేప, ఎక్కువ వేగం ఇచ్చాయి. అందుకు బదులుగా ఆ క్షమను తీసుకొన్నాయి. దానిని పీటల కింద ఫోమ్‌గా, పడవ పక్కన ఎర్ర గీతగా, ఒడ్డున జెండాగా తిరిగి ఇవ్వవచ్చు. ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు. ఓపికగా గ్రామంలో కూర్చొని చెప్పేవారు కావాలి.

విద్యార్థులకు అభ్యాసం

1. 600 కిలోల ఫైబరు పడవకు, సాంద్రత 1.5 అనుకొని, నాలుగో విభాగంలోని పద్ధతిలో అవసరమైన ఫోమ్ పరిమాణాన్ని లెక్కించండి. ఇంజను 40 కిలోలు, మనుషులు ఐదుగురు.

2. ఏదైనా తీర గ్రామంలో మూడు పడవల పొడి అంచును ఉదయం బయలుదేరే ముందు, తిరిగి వచ్చిన వెంటనే కొలవండి. తేడాను వేటాడిన చేప బరువుతో పోల్చండి.

3. ఒక వారం సముద్ర స్థితి సూచనను ప్రతి సాయంత్రం వ్రాసుకొని, మరుసటి రోజు మత్స్యకారులు గమనించిన గాలి, అలలతో సరిపోల్చండి. ఏ దినాన ఏ నిర్ణయం సరైనదో వారితోనే చర్చించి నమోదు చేయండి.